గోరంత గాడి

మా ఇంట్లో 41 చాకులున్నాయి. వంటింట్లోవి కలపకుండా. అన్నీ మడతచాకులే, జేబులో పట్టేవి. ఈ సంగతి తెలిసినవాళ్ళు నవ్వుతూనే కాస్త వెనక్కి జరిగి "ఎందుకూ?" అంటారు. పిట్స్‌బర్గ్‌లో డేటాబేసులు చూసుకునే ఉద్యోగం నాది. ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అలాంటిదానికి చాకులెందుకు? స్టాంపులు పోగుచేసేవాళ్ళని ఎవరూ ఇలా అడగరు కదా అని ఉక్రోషం వచ్చేది తప్ప, చాలా ఏళ్ళు నా దగ్గర సరైన జవాబు లేదు.

అసలు పోగుచెయ్యాలని మొదలుపెట్టలేదు. 2013లో మా వీధి చివరింటి ముసలావిడ పోయింది. ఆమె పిల్లలు ఎక్కడెక్కడినుంచో వచ్చి, కావలసినవి తీసుకుని, మిగిలిన సామానంతా ఆ ఇంట్లోనే అమ్మకానికి పెట్టారు. ఇక్కడ దీన్ని ఎస్టేట్ సేల్ అంటారు. ముక్కూమొహం తెలియనివాళ్ళం లోపలికి వెళ్ళి, పోయినావిడ గరిటెలూ దుప్పట్లూ తిరగేస్తాం. మొదట్లో నాకు చాలా ఎబ్బెట్టుగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది. ఆ రోజు 5 డాలర్లకి ఒక కుట్టుసామాను పెట్టె కొన్నాను, బొత్తాల కోసం. ఇంటికొచ్చి బోర్లిస్తే దారపుండల కిందనుంచి పసుప్పచ్చ పిడి ఉన్న చాకొకటి జారిపడింది. మూడు బ్లేడులు. పెద్దదాని అంచు నూరి నూరి సగానికి సన్నబడి ఉంది.

అది అక్కడితో ఆగేదే. కానీ బ్లేడు పిడిలోకి వెళ్ళే చోట చిన్న అక్షరాలున్నాయి, ఒక అంకె ఉంది, కొన్ని చుక్కలున్నాయి. కోడ్ కనిపిస్తే విప్పకుండా ఉండలేకపోవడం నా ఉద్యోగం తెచ్చిపెట్టిన జబ్బు. కంపెనీ పేరు కేస్. పెన్సిల్వేనియాలోనే, మాకు ఉత్తరాన కారులో మూడు గంటల దూరంలో ఉన్న బ్రాడ్‌ఫర్డ్ అనే చిన్న ఊరిది. అంకె 3318. మొదటి 3 అంటే పసుపు పిడి, రెండో 3 అంటే మూడు బ్లేడులు, 18 అనేది నమూనా సంఖ్య. ఇక చుక్కలు. 1970లో పది చుక్కలు పెట్టి, ఏటా ఒక్కోటి తగ్గించుకుంటూ వచ్చారు. 1980లో మళ్ళీ పదితో మొదలుపెట్టారు, కాకపోతే ఈసారి పేరులో ఉన్న 'ఎస్' అక్షరాన్ని మెరుపుతీగలా విరిచి గీశారు. నా చాకు మీద ఆరు చుక్కలు. 'ఎస్' మెరుపులా ఉంది. అంటే 1984. నేను పుట్టిన సంవత్సరం.

ఇలాంటివి యాదృచ్ఛికమని తెలుసు. తెలిసీ పడిపోతాం.

ఆ నమూనాని స్టాక్‌మన్ అంటారు, పశువులు కాసేవాళ్ళ చాకు. మూడు బ్లేడులకీ మూడు పనులు. పొడుగ్గా మొనదేలినది మామూలు కోతకి. గొర్రె డెక్కలా మొన వంగినది, మొన గుచ్చుకోకుండా తిన్నగా కొయ్యడానికి. మూడోది మొన మొద్దుగా ఉండేది. అది మొదట్లో కోడెదూడలకీ పొట్టేళ్ళకీ విత్తులు తియ్యడానికి పుట్టిందట. ఇది చదివి మూడో బ్లేడుని ఇంకోసారి సబ్బుతో కడిగాను. కుట్టుపెట్టె ముసలావిడ దాంతో దారాలు మాత్రమే తెంపి ఉంటుందని ఆశ.

రెండోది స్నేహితురాలు ఫ్రాన్స్ వెళ్ళొస్తూ తెచ్చింది, ఒపినెల్. కర్రపిడి, లోపలికి మడిచే ఒకే బ్లేడు, కొసన తిప్పి బిగించే ఇనప కట్టు. ఇచ్చే ముందు "ఒక పెన్నీ ఇవ్వు" అని చెయ్యి చాపింది. ఊరికే చాకు ఇస్తే స్నేహం తెగిపోతుందని వాళ్ళ నమ్మకం. డబ్బిస్తే కొనుక్కున్నట్టు లెక్క. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే మా అమ్మ చాకుని ఎవరి చేతికీ ఇవ్వదు. కింద పెడుతుంది, మనం తీసుకోవాలి. చేతికిస్తే గొడవలొస్తాయట. ఉప్పూ కారం విషయంలోనూ ఇదే వరస.

ఒపినెల్ కథ నాకు బాగా నచ్చింది. 1890లో సవాయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ అనే కుర్రాడు, ఊళ్ళో రైతుల కోసం చేసిన చాకు అది. కొన్నేళ్ళకి 1 నుంచి 12 దాకా సైజులు వచ్చాయి. అందులో 1, 11 తర్వాత ఆగిపోయాయి. తిప్పే కట్టు మాత్రం 1955లో చేరింది. అంతకుముందు బ్లేడు పిడిలో ఒరుసుకుంటూ నిలబడటమే. ఆ పిడి బీచ్ కర్ర. తడి తగిలితే ఉబ్బి బ్లేడుని పట్టేస్తుంది, గోరుతో లాగితే రాదు. అప్పుడు సవాయ్ వాళ్ళు పిడి వెనక భాగాన్ని బల్లకేసి టక్కున కొడతారు. బ్లేడు మొన దానంతటదే బయటికి తొంగిచూస్తుంది. ఈ కిటుకు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మూడోదాన్నించి నాకు సరిగా గుర్తులేదు. మూడు దాటితే వస్తువులు తమంతట తామే పిల్లల్ని పెడతాయి. ఆదివారం పాత సామాన్ల సంతలు, ఇంకొన్ని ఎస్టేట్ సేళ్ళు, పుట్టినరోజు కానుకలు ("నీకు ఇవి ఇష్టం కదా!"). ఏడాది తిరిగేసరికి కళ్ళద్దాల డబ్బా నిండింది, ఆ తర్వాత బూట్ల పెట్టె. ఆ తర్వాత పచ్చ గుడ్డ పరిచిన ట్రే కొన్నాను. ట్రే కొన్న రోజున ఒప్పుకోవాలి, ఇక బుకాయించి లాభం లేదు.

పోగుచెయ్యడం మొదలుపెట్టాక ఒక భాష వచ్చింది. పాతకాలపు మడతచాకులో తాళం ఉండదు. పిడి వీపు వెంట లోపల ఒక ఉక్కు బద్ద ఉంటుంది, అదే స్ప్రింగు. అది బ్లేడు మడమ మీద ఒత్తుతూ ఉంటుంది. తెరిచినప్పుడు తెరిచి ఉంచేదీ, మూసినప్పుడు మూసి ఉంచేదీ ఆ ఒత్తిడే. తెరవడానికి బ్లేడు పక్కన గోరంత గాడి ఉంటుంది. ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేతి బొటనవేలి గోరు ఆ గాడిలో పెట్టి లాగాలి. బ్లేడు ఎంత నున్నగా కదులుతుందో దాన్ని 'నడక' అంటారు, చివర ఎంత ఖంగుమని కూర్చుంటుందో దాన్ని 'మాట' అంటారు. మంచి చాకుకి నడకా మాటా రెండూ ఉండాలి. స్ప్రింగు మరీ బలమైతే గోరు విరుగుతుంది. అలాంటివాటికి 'గోరువిరుపు' అని పేరు. అది తిట్టు కాదు, సగం మెచ్చుకోలు. నాకూ అలా రెండు గోళ్ళు పోయాయి, గొప్పగా ఫోటో కూడా తీసుకున్నాను.

2015లో ఒక జపాన్ చాకు కొన్నాను, హిగోనొకామి. ఇత్తడి రేకుని మడిచి పిడి చేశారు, అందులో ఒక బ్లేడు. స్ప్రింగు లేదు, గోరు గాడీ లేదు. బ్లేడు మడమనుంచి చిన్న తోకలాంటిది బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. బొటనవేలితో దాన్ని నొక్కితే తెరుచుకుంటుంది. కోసేటప్పుడు ఆ తోక మీద వేలు అలాగే నొక్కి ఉంచాలి, లేకపోతే మూసుకుంటుంది. 1890ల నాటి నమూనా, మికి అనే ఊరిది. ఒకప్పుడు జపాన్‌లో బడిపిల్లల జేబుల్లో ఉండేది, పెన్సిళ్ళు చెక్కుకోవడానికి. 1960 అక్టోబరులో టోక్యోలో ఒక సభా వేదిక మీద 17 ఏళ్ళ కుర్రాడు సోషలిస్టు నాయకుడు అసనుమాని కత్తితో పొడిచి చంపాడు. ఆ కత్తి వేరు, పాతకాలపు పొట్టి ఖడ్గం. కానీ దేశమంతా పిల్లల చేతికి చాకు ఇవ్వొద్దనే ఉద్యమం వచ్చి, బడిపిల్లల చాకు కూడా కొట్టుకుపోయింది. ఆ పేరుతో చెయ్యగల హక్కు ఇప్పుడు ఒక్క కుటుంబానికే మిగిలింది.

చరిత్ర బాగుంది గానీ చాకు నాకు ఆనలేదు. నడక గరుకు, మాట అసలు లేదు. తెరిచినా మూసినా చప్పుడు చెయ్యదు. ట్రేలో కూడా చోటివ్వలేదు, బూట్ల పెట్టెలో పడేశాను.

ఇక్కడ నాన్న సంగతి చెప్పాలి. ఆయన నూజివీడు చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 31 ఏళ్ళు డ్రాయింగు మాస్టారు. చొక్కా జేబులో రెండు పెన్సిళ్ళు, ప్యాంటు జేబులో చాకు. షార్పెనర్ అంటే చులకన, "ఆ మర" అనేవాడు. మర చెక్కితే మొన అందరికీ ఒకటే వస్తుంది. చాకుతో చెక్కితే లెడ్డు ముప్పాతిక అంగుళం బయటికి వస్తుంది, దాన్ని పడుకోబెట్టి నీడలు దిద్దచ్చు, నిలబెట్టి వెంట్రుక గియ్యచ్చు. కొత్తగా ఆరో తరగతికి వచ్చిన పిల్లలకి మొదటి వారమంతా బొమ్మలుండవు, పెన్సిల్ చెక్కడమే. ఇప్పుడు ఏ బళ్ళోనైనా పిల్లాడి చేతికి చాకిస్తే ఏమవుతుందో తలుచుకుంటే భయమేస్తుంది. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు, నాకు తప్ప. నా ఎడమ చూపుడువేలి మీద గాటు ఇంకా ఉంది.

రాతకీ చాకుకీ చుట్టరికం పాతదే. ఇంగ్లీషువాళ్ళ పెన్‌నైఫ్ పక్షి ఈకల కలాలు చెక్కుకోవడానికి పుట్టింది. మన దక్షిణాదిన తాటాకుల మీద రాసేవాళ్ళకి గంటంతో పాటు ఆకు అంచులు కత్తిరించే కత్తి కావాలి. ఒకే పిడిలోకి గంటమూ కత్తీ రెండూ మడిచిపెట్టుకునేలా చేసిన పరికరాలు మ్యూజియంలలో ఉన్నాయి. మడతపెట్టే గంటాన్ని తమిళంలో మడక్కెళుత్తాణి అంటారు. మొదటిసారి ఒక అద్దాల బీరువాలో అలాంటిది చూసినప్పుడు అచ్చం నాన్న జేబే గుర్తొచ్చింది.

నాన్న చాకుది కొమ్ము పిడి, రెండు బ్లేడులు. "రాడ్జర్సురా ఇది, షెఫీల్డు సరుకు" అనేవాడు. షెఫీల్డ్‌లోని జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్ నిజంగానే పెద్ద పేరు. 1822 సంవత్సరమని 1822 బ్లేడులతో ఒకే చాకు చేసి, తర్వాత ఏళ్ళలో బ్లేడులు కలుపుకుంటూ పోయినవాళ్ళు. నక్షత్రమూ మాల్టా శిలువా వాళ్ళ గుర్తు. ఆ గుర్తు 1682 నాటిది. అంత పేరున్న సరుకుకి నకళ్ళూ అన్నే ఉండేవి. 2016లో వాట్సాప్‌లో ఫోటో పెట్టించుకుని పెద్దది చేసి చూశాను. నక్షత్రం లేదు, శిలువ లేదు. పేరు స్పెల్లింగులో ఉండాల్సిన 'డి' లేదు. ఎక్కడో నకలు కొట్టిన సరుకు. ఆయనకి చెప్పలేదు.

మరుసటేడు అమ్మానాన్నా ఆరు నెలలు మా దగ్గరున్నారు. అప్పటికి 30 దాకా ఉన్నాయి. ట్రే తీసి చూపించాను. అమ్మకి అవి చూడగానే రౌడీ సినిమాలు గుర్తొచ్చాయి. మనవాళ్ళకి మడతకత్తి అంటే మీట నొక్కితే విచ్చుకునే రాంపురీ ఒక్కటే. "ఆడపిల్లవి, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారే" అంది. అమ్మ చేతిలో నేను చాకు చూసింది తక్కువ. ఆవిడది కత్తిపీట. పీట మీద కాలేసి కూర్చుంటే ఇల్లంతా ఆవిడ చుట్టూ తిరగాల్సిందే. మగాళ్ళ కత్తి జేబులో ఊరంతా తిరుగుతుంది, ఆడవాళ్ళ కత్తి నేలకి బిగించి ఉంటుంది. మన బట్టలకి జేబులే ఉండవు కదా.

నాన్న మాత్రం ఒక్కొక్కటీ తీసి, తెరిచి, వెలుతురుకి పట్టి చూశాడు. చాలావాటి బ్లేడులు కొత్తవి కొత్తగానే ఉన్నాయి, నూనె రాసి. కోసిన చాకుకి రేటు పడిపోతుంది, అందుకని నేను ఏదీ వాడను. అన్నీ చూశాక "బానే ఉన్నాయి. వీటిల్లో నీ చాకు ఏది?" అన్నాడు.

"అన్నీ నావే కదా నాన్నా."

"అది కాదురా. నీది ఏది?"

నాకు జవాబు తోచలేదు. ఆయన పట్టుబట్టలేదు. పసుపు పిడి చాకు తీసుకుని, ఉన్న ఆరు నెలలూ ఇంట్లో ఉన్న పెన్సిళ్ళన్నీ చెక్కిపెట్టాడు. ఆఖరికి నా ఆఫీసు నుంచి కూడా పెన్సిళ్ళు తెచ్చివ్వాల్సి వచ్చింది.

2021 నవంబరులో నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు. మాట దక్కింది. వీసా స్టాంపింగుకి తేదీ దొరక్క, నేను వెళ్ళేసరికి 2022 జూలై. అప్పటికి కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తున్నాడు. కుడి చేతి వేళ్ళు మాత్రం ముడుచుకుపోయి ఎప్పుడూ గుప్పిటే. ఫిజియోథెరపీ కుర్రాడు రోజూ పొద్దున్నే వచ్చి ఒక్కో వేలూ విప్పి వెళ్తాడు, గంటకల్లా మళ్ళీ ముడుచుకుంటాయి. ఎడమ చేత్తో బొమ్మలు వెయ్యమని ఆ కుర్రాడే చెప్పాడట. వేస్తున్నాడు. గీత వణుకుతోంది గానీ చూపు పాతదే. మామిడి కొమ్మకీ ఆకుకీ మధ్య సందు ఎక్కడ వదలాలో ఆ వణుకుతున్న చేతికి కూడా తెలుసు.

పెన్సిళ్ళు అమ్మ చెక్కి ఇస్తోంది, షార్పెనర్‌తో. చాకు దాచేసింది. ఎందుకో ఆ రాత్రి అమ్మే చెప్పింది. మార్చిలో ఒకరోజు, ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు, నాన్న పాత చాకుని ఎడమ చేత్తో పట్టుకుని గోరు గాడిని పళ్ళతో పట్టి లాగాడు. జారింది. పెదవి చివర తెగింది, బొటనవేలు తెగింది. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునే మనిషి. గంటసేపు ఆగలేదట. ఆవిడ తడిబట్టలతోనే పక్కింటికి పరిగెత్తింది.

"మొన విరిగినప్పుడల్లా పిలవచ్చుగా నన్ను. పిలిస్తే ఏం పోయింది?" అంది. అమ్మ ప్రశ్నలో తప్పేమీ లేదు.

మర్నాడు నాన్న నా దగ్గర ఇంకో రకంగా చెప్పాడు. "రోజుకి పాతికసార్లు విరుగుతుంది. ఎడమ చేతికి ఒత్తిడి ఎంతో తెలీట్లేదు. పాతికసార్లు మీ అమ్మని పిలవాలి. ఐదోసారికి బొమ్మ ఆపేస్తున్నా." ఇందులోనూ తప్పేమీ లేదు.

నా సూట్‌కేసులో మూడు చాకులున్నాయి. చూపించి సరదాపెడదామని తెచ్చాను, పసుపుదీ, ఒపినెల్లూ, ఎందుకో హిగోనొకామీ. (విమానంలో చెక్-ఇన్ సామాన్లో పెడితే ఇబ్బంది లేదు. ఆయుధాల చట్టం లైసెన్సు గొడవ కూడా 9 అంగుళాలు దాటిన పొడుగుకో, 2 అంగుళాలు దాటిన వెడల్పుకో గానీ, ఇలాంటి చిన్నవాటికి కాదు. ఇవన్నీ ముందే చూసుకునే రకం నేను.) అమ్మ గుడికి వెళ్ళిన సాయంత్రం తలుపు దగ్గరగా వేసి మూడూ బల్ల మీద పెట్టాను. దొంగపని చేస్తున్నానని తెలుసు.

పసుపుది తెరవడం కుదరదని నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది. తొమ్మిదేళ్ళుగా నేను మెచ్చుకుంటున్న ఆ బిగువు, ఆ ఖంగు, రెండు చేతులున్నవాళ్ళకి. గోరు గాడి అనేదే రెండు చేతుల లెక్క మీద పుట్టింది. నాన్న పిడిని మోకాళ్ళ మధ్య ఇరికించి ఎడమ బొటనగోరుతో లాగాడు, గోరు జారిపోయింది. ఇంకోసారి లాగబోతే నేనే తీసేసుకున్నాను. ట్రేలో ఉన్న మిగతా చాకులన్నీ వరసగా కళ్ళముందు మెదిలాయి. ఏదీ పనికిరాదు.

ఒపినెల్ వర్షాకాలానికి ఉబ్బి కూర్చుంది. నాకే రాలేదు. సవాయ్ కిటుకు చెప్పాను. నాన్న ఎడమ చేత్తో పట్టుకుని బల్లకేసి టక్కున కొట్టాడు. మొన తొంగిచూసింది! ఆయన మొహం చూడాలి. ఇంకోసారి, ఇంకోసారి, పిల్లాడిలా కొడుతూనే ఉన్నాడు. కానీ ఆ టకటక వీధిదాకా వినిపిస్తుంది, పైగా తెరిచాక కట్టు తిప్పడానికి రెండో చెయ్యి కావాలి.

మిగిలింది హిగోనొకామి. పిడిని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో తోక నొక్కాడు. బిగుతుగా ఉంది. ఇరుసు దగ్గర పిడి రేకుని కొద్దిగా ఎడం చేసి కాస్త వదులు చేశాను. మళ్ళీ నొక్కాడు. బ్లేడు మెల్లిగా, ఏ చప్పుడూ లేకుండా, లేచి నిలబడింది. ఒక్క చేత్తో. ఎడమ చేత్తో.

"ఇది మాట్లాడదేమిరా?" అన్నాడు.

"దానికి మాట లేదు నాన్నా."

"మంచిది. మీ అమ్మకి వినపడదు."

ఆ నవ్వులోనే షెఫీల్డు సంగతి కూడా చెప్పేశాను, 'డి' లేదని, అది నకలని. "తెలుసు. 1971లో ఏలూర్లో ఆరు రూపాయలకి షెఫీల్డు చాకు ఎవడిస్తాడు?" అన్నాడు. మరి ఇన్నేళ్ళూ? "పిల్లలకి చెప్పడానికి బావుండేది."

పెన్సిల్‌ని ముడుచుకున్న కుడి గుప్పిట్లో దూర్చాం. ఆ గుప్పిట పట్టు ఎంత బలంగా ఉందంటే పెన్సిల్ కదల్లేదు. ఆ చెయ్యి ఇంకా ఒక పనికి పనికొస్తుందని ఇద్దరం ఒకేసారి చూశాం గానీ ఎవరం ఏమీ అనలేదు. ఎడమ చేత్తో చెక్కాడు. మొదటిది గుంతలు గుంతలుగా వచ్చింది. మూడోదానికి ముప్పాతిక అంగుళం లెడ్డు బయటికొచ్చింది.

రెండు రోజులు సాగింది. మూడో రోజు పొద్దున్న అమ్మ మంచం కింద ఊడుస్తూ ఆగిపోయింది. షార్పెనర్ పొట్టు గుండ్రంగా, పువ్వురేకుల్లా వస్తుంది. చాకు పొట్టు పొడుగ్గా, పాయల్లా ఉంటుంది. నలభై ఏళ్ళకి పైగా ఆ పొట్టు ఊడ్చిన మనిషికి తేడా తెలియదా.

నాన్నని ఏమీ అనలేదు. నన్ను వంటింట్లోకి పిలిచింది. "నువ్వు పది రోజుల్లో విమానం ఎక్కుతావు. ఆ తర్వాత రక్తం తుడిచేది నేను. నీకేం, నలభై చాకులున్నాయిట. నీకవి బొమ్మలు. ఒక్కదానితోనైనా వంకాయ కోశావా ఎప్పుడైనా?"

నేను నోరెత్తలేదు. ఎంత దూరం ఆలోచించి తెచ్చాననుకున్నానో అంతా నాన్న వైపునుంచే ఆలోచించాను. రాత్రి ఆయన మాత్రలు లెక్కపెట్టేదెవరో, పడిపోతే లేపేదెవరో ఒక్కసారి కూడా లెక్కలోకి రాలేదు. తాళం లేని చాకు అది. వేలు ఒక్క క్షణం వదులైతే మూసుకుంటుంది. ఎడమ చేతికి ఒత్తిడి తెలీట్లేదని ఆయనే చెప్పాడు. ఇవి తెలిసే ఇచ్చాను. తీసేసుకుంటానని చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు, ఆ రోజంతా మాట్లాడలేదు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి, కాఫీలయ్యాక, అమ్మే వచ్చి నాన్న ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఏదీ, చెక్కండి చూస్తా" అంది. నాన్న నా మొహం చూశాడు. చాకు తెచ్చాను. ఆయన గుప్పిట్లో పెన్సిల్ పెట్టి, ఎడమ చేత్తో చెక్కడం మొదలుపెట్టాడు. బ్లేడు ఒకసారి గుప్పిట వైపు జారబోయింది.

"ఆపండి" అంది అమ్మ. "కత్తి కదలకూడదండీ. కాయ కదలాలి."

ఇద్దరికీ అర్థం కాలేదు. అమ్మ లేచి, నాన్న ఎడమ చేతిని చాకుతో సహా బల్ల అంచుకి ఆనించి గట్టిగా అదిమింది. పదును గుప్పిటకి అవతలి వైపు ఉండేలా తిప్పింది. "ఆ చెయ్యి అక్కడే ఉంచండి. ఇప్పుడు కుడి భుజంతో పెన్సిల్‌ని వెనక్కి లాగండి." నాన్న లాగాడు. కుడి చెయ్యి వేళ్ళు పనిచెయ్యవు గానీ భుజం పనిచేస్తుంది. చాకు కదల్లేదు, పెన్సిల్ దాని కింద వెనక్కి జరిగింది, పొడుగాటి పాయ ఒకటి బల్ల మీద పడింది. బొటనవేలికి తోకని నొక్కి ఉంచడం తప్ప ఇంకో పని లేదు. అచ్చం కత్తిపీటే. కత్తిపీట మీద ఎన్ని వేల వంకాయలు తరిగిందో ఆవిడ.

పది పెన్సిళ్ళయ్యాక అమ్మ లోపలికి వెళ్ళి దేవుడి గూట్లోంచి రూపాయి బిళ్ళ తెచ్చి నా ముందు పెట్టింది. ఒపినెల్, పెన్నీ కథ నేనే ఎప్పుడో చెప్పాను ఆవిడకి.

"ఇంద. ఇప్పుడిది నాది. ఎప్పుడివ్వాలో, ఎప్పుడు తీసుకోవాలో నేను చూసుకుంటా."

మిగిలిన రోజులన్నీ అదే వరస. నాలుగింటికి తెచ్చి బల్ల మీద పెడుతుంది, చేతికివ్వదు. ఆయన చెక్కుకుంటాడు, ఆవిడ ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంది. ఆరోజుకీ మర్నాటికీ సరిపడా పన్నెండు పెన్సిళ్ళు. అయిపోగానే తుడిచి పట్టుకుపోతుంది. ఎక్కడ పెడుతుందో నాకు కూడా చెప్పలేదు.

పిట్స్‌బర్గ్ వచ్చాక పసుపు చాకుని ట్రేలోంచి తీసి వంటింటి గట్టు మీద పెట్టాను. పచ్చిమామిడికాయ కోస్తే బ్లేడు నీలంగా, ఆ తర్వాత బూడిదరంగుకి తిరిగింది. ఇక దాన్ని ఎవరూ కొనరు. మిగతా వాటిల్లో కొన్ని అమ్మేద్దామనుకున్నాను, ఇప్పటికింకా అమ్మలేదు. ఒకటి రెండు కొన్నాను కూడా, అబద్ధమెందుకు.

మొన్న ఫోన్ చేస్తే నాన్న ఒకటే గోల. "మీ అమ్మ దాంతో పొద్దున్నే పాల ప్యాకెట్లు కోస్తోందిరా. తుడవట్లేదు. మడమ దగ్గర తుప్పు పట్టింది. చెప్పు కాస్త." వెనకనుంచి అమ్మ గొంతు, "నా చాకు, నా ఇష్టం." కొబ్బరినూనె ఒక్క చుక్క వేసి గుడ్డతో తుడవమన్నాను. "ఎవరు, ఆయనా నేనా?" అంది అమ్మ.